నీలం కారు మీద తెల్ల చుక్కల విచారణ

ఉద్యోగంలో కొత్తగా చేరినవారు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో అన్నిటికంటే చిక్కైన కేసు ఏది?" అని అడుగుతుంటారు. భూముల తగాదా గురించో, ఎన్నికల గొడవ గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను "కారు కడగడం" అంటాను. వారు నవ్వుతారు. పెద్దవారి మాట పూర్తికాకముందే నవ్వడం ఈ తరంలో నేను గమనించిన లోపాలలో మొదటిది. రెండవది వాహనాన్ని ఎండలో నిలబెట్టి కడగడం. మొదటి లోపాన్ని దిద్దే ఓపిక నాకిప్పుడు లేదు. రెండవదానిని గురించి మాత్రం వ్రాసిపెట్టడం నా విధి అనుకుంటున్నాను. ఎందుకంటే దానివల్ల ఒక మనిషి బ్రతుకుతెరువు పోవలసిన రోజొకటి నా కళ్లముందుకు వచ్చింది.

తొంభైల చివరి సంవత్సరాల మాట. నేను చిత్తూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఉండేవాణ్ణి. అది ఏ కార్యాలయమో చెప్పను. అందులోని వారి పేర్లూ చెప్పను. వారిలో కొందరు ఇప్పటికీ ఉదయపు నడకలో ఎదురవుతుంటారు.

మా అధికారి తిరుపతి నుండి బదిలీపై వచ్చినాడు. చదువుకున్నవాడు, చేయి శుభ్రమైనవాడు, కోపం వచ్చినా కేక వేయనివాడు. అయితే రాహుకాలం, యమగండం, వాస్తు అనే మూడింటి అనుమతి లేనిదే ఆయన కలం మూత తీసేవాడు కాడు. అత్యవసరమైన ఫైలు తీసుకుపోతే, ముందు గోడ గడియారం వైపు, తరువాత గోడ క్యాలెండరు వైపు చూసి, "ఇంకో అరగంట ఆగు సామీ" అనేవాడు. జిల్లాలో ఎన్నో పనులు ఆ అరగంటలలో ముసలివైపోయినాయి.

ఆయన వచ్చిన కొత్తలోనే కార్యాలయానికి కొత్త కారు మంజూరైంది. అంతకుముందున్నది తెల్ల అంబాసిడరు. తెలుపు రంగు ప్రభుత్వం వంటిది; ఎన్ని నీటిమరకలున్నా పైకి కనబడనివ్వదు. కొత్త కారు ముదురు నీలం. అధికారి జాతకానికి నీలం కలిసివస్తుందని ఎవరో చెప్పినారట. నీలం ఆయనకు ఎంతవరకు కలిసివచ్చిందో తెలియదు గాని, చిత్తూరు బోరు నీటికి మాత్రం బాగా కలిసివచ్చింది. కడిగిన ప్రతి రోజూ ఆ కారు నిండా తెల్లని చుక్కలు, ముగ్గు పిండి చల్లినట్టు కనబడేవి.

కారు కడిగే పని డ్రైవరుది. ఐరాల దగ్గరి పల్లె అతనిది. చాలా ఏళ్లుగా తాత్కాలికంగానే పనిచేస్తున్నాడు. అతణ్ణి పర్మినెంటు చేసే ఫైలు నానా కార్యాలయాలు తిరిగి, ఎట్టకేలకు మా అధికారి బల్లమీదికి వచ్చి, శుభ ఘడియ కోసం ఎదురుచూస్తున్నది. అందులో ఒక్క చెడ్డ వ్యాఖ్య పడితే ఫైలు వచ్చిన దారినే వెనక్కు పోతుంది; మనిషి పల్లెదారి పడతాడు. ఈ సంగతి అతనికి తెలుసు, నాకు తెలుసు. మా సీనియర్ అసిస్టెంటుకు మాకంటే బాగా తెలుసు. ఆయన బావమరిదికి డ్రైవింగ్ లైసెన్సు వచ్చి ఉన్నది, ఉద్యోగం రాలేదు.

సీనియర్ అసిస్టెంటు గురించి ఒక మాట చెప్పాలి. అధికారి తుమ్మితే చేతిరుమాలు తీసేవారు కొందరుంటారు. ఈయన అధికారి తుమ్మబోతాడని ముందే గ్రహించి రుమాలు తీసేవాడు. ఒక ఉదయం అధికారి కారెక్కబోతుండగా ఆయన బానెట్ దగ్గర ఆగి, నిట్టూర్చి, "పాపం, ఇంత మంచి కారు సార్! మనిషికి మనసుంటే కదా కడిగేది" అన్నాడు. అంతవరకు అధికారి ఆ చుక్కలను చూసి చిరాకు పడేవాడే గాని, వాటికొక ముద్దాయి ఉంటాడని అనుకోలేదు.

ఆ మధ్యాహ్నమే తాఖీదు తయారైంది. రచన సీనియర్ అసిస్టెంటుది. "నీవు ప్రభుత్వ వాహనమును నిర్లక్ష్యముగా ప్రక్షాళనము గావించి, తద్ద్వారా దానిపై శ్వేతవర్ణ బిందువులు ఏర్పడుటకు కారకుడవైతివి. ఇందుకు నీపై ఏల చర్య గైకొనరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." భాష నిర్దుష్టంగా ఉన్నది. ఆయన ఆ కార్యాలయంలో వ్రాసిన వాటిలో తప్పులు లేని కాగితం అదొక్కటే.

డ్రైవరు తెల్లకాగితం మీద మూడు వాక్యాల సంజాయిషీ ఇచ్చినాడు. "కడిగింది నేను. చుక్కలు పెట్టింది నీళ్లు. నీళ్లు గవర్నమెంటు బోరువి." నియమావళి ప్రకారం సంజాయిషీలో వినయం పాలు చాలలేదు. అందుచేత విచారణ జరపవలసి వచ్చింది. విచారణాధికారిగా నన్ను నియమించినారు.

ఆ ఆదివారం ఉదయం నేను మా ఇంటి పడమటి గోడ నీడలో నా స్కూటరు కడుగుతుండగా డ్రైవరు గేటు తీసుకుని వచ్చినాడు. ఇక్కడ నా పద్ధతిని క్లుప్తంగా చెబుతాను. యువకులు శ్రద్ధగా చదవవలెను. బండిని ముందు నీడలో పెట్టి, ఇంజను వేడి తగ్గేవరకు వదిలెయ్యాలి. మొదట ఉత్త నీళ్లు పోసి దుమ్ము పోగొట్టాలి. దుమ్ము మీద గుడ్డ రుద్దితే రంగు గీచుకుంటుంది. తరువాత పైనుంచి కిందికి, ఒక్కొక్క భాగాన్నే సబ్బునీళ్లతో కడిగి, అది ఆరకముందే మంచినీళ్లు జార్చి, పాత నూలుపంచెను తడిపి పిండి దానితో అద్దాలి. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఆ తరువాతే పక్క భాగానికి పోవాలి. బోరు నీళ్లలో సున్నం, ఉప్పు కరిగి ఉంటాయి. ఎండకు నీరు పోతుంది, అవి పోవు. చుక్కలంటే అవే. నీటిని మనం తుడిస్తే చుక్క లేదు. ఎండ తుడిస్తే చుక్క ఉన్నది. శాస్త్రమంతా ఇంతే.

డ్రైవరు నా స్కూటరు చుట్టూ తిరిగి చూసినాడు.

"ఒక్క సుక్క గూడా ల్యాదే సార్!"

"నీడలో కడిగినాను కదప్పా."

"ఆ మాత్రం నాకు తెల్దా సార్? నేనూ నీడలోనే కడగాలనుకుంటా. అయ్యగారి బంగళా ఎనకాల యాపచెట్టు కింద సల్లగా ఉండాది. ఆడికి కారు తోలితే అయ్యగారు ఒప్పుకోడే! అది నైరుతి మూల, ఆడ నీళ్లు పారితే ఇంటికి అరిష్టం అంటాడు. ఈశాన్యంలోనే కడగల్లంట. ఈశాన్యంలో సెట్టు ల్యాదు, గోడ ల్యాదు, సూర్యభగవానుడు ఒక్కడే ఉండాడు."

"తెల్లవారకముందే కడగరాదా?"

"అయ్యగారు ఎదురుగా నిలబడల్ల సార్. ఆయన లేచి, పూజ ముగించుకోని, రాహుకాలం పోయినాక బయటికొచ్చేదానికి ఎండ నడినెత్తికి ఎక్కుతాది. బానెట్ మీద దోసె పొయ్యొచ్చు. ఈ పక్క నీళ్లు పోసి ఆ పక్కకి పొయ్యేలోపల ఈ పక్క ఆరిపోతాది. మళ్లీ తుడుస్తామంటే, 'యమగండం వస్తాండాది, ఇంగ సాలు' అంటాడు."

స్కూటరు సీటు మీద చెయ్యి వేసి, మళ్లీ అన్నాడు. "కారుకి అయ్యగారు గంధం బొట్లు పెడితే భక్తి సార్. నీళ్లు బొట్లు పెడితే నాది తప్పు. కావాలంటే కాణిపాకం పొయ్యి, సామి ముందర కోనేట్లో మునిగి ప్రమాణం సేస్తా, నేను ఒళ్లు దాసుకోలేదని."

"ప్రమాణానికి సర్వీసు నిబంధనలలో చోటు లేదప్పా."

"మరి దేనికి సోటుండాది సార్?"

అతనికి కాఫీ ఇప్పించి పంపినాను.

మరుసటి దినం అధికారిని కలిసి, సున్నం, ఉప్పు, ఎండ, నీడ అన్నీ వివరించినాను. ఆయన ఓపికగా విన్నాడు.

"సైన్సు నేనూ చదివినాను సామీ. నీళ్లు నీళ్లే. అదే బోరు నీళ్లు మనం తాగుతాండాం, మన కడుపులో చుక్కలు పడినాయా? లోపం చేతిలో ఉండాది. శ్రద్ధ లేదు వానికి."

"కనీసం వేపచెట్టు కింద ఒక్కసారి కడిగించి చూస్తే..."

"నైరుతిలో నీళ్లా?" అన్నాడాయన, నేను కార్యాలయానికి నిప్పు పెడదామన్నట్టు చూస్తూ.

ఇక వాదించి ప్రయోజనం లేదు. తూర్పు, పడమరలను మార్చే అధికారం సూపరింటెండెంటుకు లేదు. నా సీటుకు తిరిగివచ్చి నియమావళి తెరిచినాను. నాకు జీవితంలో ఏ కష్టం వచ్చినా దానినే తెరిచేవాణ్ణి. ఒక పని సరిగా చేయలేదని నేరం మోపినప్పుడు, ఆ పని సరిగా చేయడమంటే ఏమిటో ముందుగా నిర్ధారించాలి. కొలబద్ద లేకుండా గుడ్డ పొట్టి అయిందనడం న్యాయం కాదు. కనుక ఆ సాయంత్రం మళ్లీ అధికారి గదిలోకి పోయి, మిక్కిలి గౌరవంతో విన్నవించినాను.

"సార్, శ్రద్ధగా కడిగితే కారు ఎట్లుంటుందో ఒక నమూనా కావాలి. దానితో పోల్చి చూస్తే గాని డ్రైవరు దోషం తేలదు. నమూనా చూపించగలిగినవారు కార్యాలయంలో మరొకరు నాకు కనబడటం లేదు."

సీనియర్ అసిస్టెంటు అక్కడే ఉన్నాడు. "సార్ చెయ్యి పడితే ఇంగ చెప్పేదేముంది! కారు అద్దమైపోతాది" అన్నాడు. నేను ఆయన సహాయం కోరలేదు. అయినా సమయానికి అందింది.

అధికారి ముఖం వికసించింది. క్యాలెండరు చూసి, రాబోయే సోమవారం, రాహుకాలం ముగిసిన తరువాత, యమగండానికి ముందు, తన బంగళాలో, ఈశాన్యంలో, స్వహస్తాలతో నమూనా చూపిస్తానని ప్రకటించినాడు.

ఎండాకాలపు సోమవారం అది. నేను పోయేసరికి కారు తూర్పుముఖంగా నిలబడి ఉన్నది. బానెట్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసినాను. ఫైళ్లు కట్టే దారం ఒకటి తెచ్చినాను. దానిని బానెట్ నడుమ నిలువుగా పరిచి రెండు భాగాలు చేసినాను. ఎడమ సగం నమూనాకు, కుడి సగం నిందితునికి. ఒకే ఎండ, ఒకే నీళ్లు, ఒకే గుడ్డ. డ్రైవరు గోడవారగా చేతులు కట్టుకుని నిలబడినాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. సీనియర్ అసిస్టెంటు పట్టుపంచె కట్టుకుని వచ్చినాడు. ఎందుకో ఎవరూ అడగలేదు.

అధికారి పంచె ఎగగట్టి, నడుముకు తువ్వాలు బిగించి, తూర్పుకు దండం పెట్టి బక్కెట్లో చెయ్యి ముంచినాడు. పని మనస్ఫూర్తిగానే చేసినాడు, అది ఒప్పుకోవాలి. రుద్దినాడు, పోసినాడు, మళ్లీ రుద్దినాడు. సీనియర్ అసిస్టెంటు చెంబులు అందించినాడు. వరండాలో నుండి అధికారి భార్య చూస్తున్నది.

"ఏమండీ, పోసిన వెంటనే తుడవండి. ఈ నీళ్లతో స్టీలు చెంబు కడిగి బోర్లిస్తేనే తెల్లగా పూస్తాది. మీరు ఎప్పుడైనా చెంబు కడిగుంటే కదా తెలిసేది!"

"నువ్వు లోపలికి పో. ఇది ఆఫీసు పని."

"ఆఫీసు పని అయితే ఆఫీసులో చేసుకోండి. నా పసుపు బక్కెట్టు ఎందుకు తీసుకున్నారు?" అని ఆమె లోపలికి పోయింది.

అధికారి తడిగుడ్డను పైపైన ఒకసారి ఆడించి, రెండడుగులు వెనక్కు వేసి చూసినాడు. తడి మీద కారు నిజంగానే తళతళలాడింది. "చూసినారా?" అన్నాడు. చూసినాము. ఆయన తృప్తిగా లోపలికి పోయి, చేతులు కడుక్కుని, దేవునికి హారతి ఇచ్చి, విభూతి పెట్టుకుని వచ్చినాడు. ఈలోపల సూర్యుడు తన పని చేసుకుపోయినాడు. ఆయనకు హోదాల తేడా తెలియదు.

బానెట్ ఎడమ సగం నిండా తెల్ల చుక్కలు. పైన అంచున చిన్నవి, కిందికి జారి నిలిచిన చోట పెద్దవి. కొన్ని చోట్ల ధార కట్టి గీతలుగా కూడా ఉన్నాయి.

అధికారి వాటిని చూసినాడు. చాలాసేపు చూసినాడు. నేను కాగితం, కలం చేతబట్టి అడిగినాను.

"సార్, దీనిని నమూనాగా నమోదు చేయవచ్చునా?"

ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన ఆ క్షణంలో నవ్వేసి, "చుక్కలు పడినాయి సామీ, నాది పొరపాటు" అని ఉంటే అక్కడితో అన్నీ తీరిపోయేవి. ఆయన నోరు కూడా అందుకు సగం తెరుచుకున్నది. కానీ సీనియర్ అసిస్టెంటు ఆగలేకపోయినాడు.

"అద్దం సార్, అద్దం! నా మొగం కనబడతాండాది. ఇదీ కడగడమంటే! మచ్చుకైనా ఒక్క చుక్క ఉండాదా చూడండి!"

అంత గట్టిగా పొగిడిన తరువాత తప్పు ఒప్పుకోవడం ఏ అధికారికైనా కష్టం. ఆయన నోరు మూసుకుని, మళ్లీ తెరిచి, "ఊఁ. రాసుకో సామీ" అన్నాడు. రాసుకున్నాను. చుక్కలు లేవని సీనియర్ అసిస్టెంటు చేత సాక్షి సంతకం పెట్టించుకున్నాను. ఆయన సంతోషంగా, తోకలన్నీ పెట్టి సంతకం చేసినాడు.

"ఇప్పుడు నువ్వు కడుగప్పా" అన్నాను డ్రైవరుతో.

అతను వచ్చినాడు. అధికారి ఎట్లా చేసినాడో అట్లే చేసినాడు. అంతే నీళ్లు, అంతే రుద్దుడు, పైపైన అంతే గుడ్డ. తరువాత అందరం నిలబడి, బానెట్ ఆరడం చూసినాము. నా సర్వీసులో ఎన్నో వేలంపాటలు చూసినాను, పరీక్షా ఫలితాలు చూసినాను. ఇంత ఉత్కంఠతో నీళ్లు ఆరడం మాత్రం మళ్లీ చూడలేదు.

కుడి సగం మీద చుక్కలు మెల్లగా తేలినాయి. ఎడమ సగానికి అన్నదమ్ముల్లాగా ఉన్నాయి.

నేను సీనియర్ అసిస్టెంటు వైపు తిరిగినాను. "మీరు నమూనాను చూసినారు. నిందితుని పనినీ చూడండి. తేడా ఏమైనా ఉంటే చెప్పండి."

ఆయన వంగి కుడివైపు చూసినాడు. ముఖం వెలిగింది. చెయ్యెత్తి, "ఇదో సార్, చుక్కలు! ఎన్ని చుక్క..." అని మొదలుపెట్టి, కన్ను దారం దాటి ఎడమవైపుకు పోగానే ఆగిపోయినాడు. ఎత్తిన వేలు గాలిలోనే ఉండిపోయింది. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినాడు. మళ్లీ వంగినాడు. పట్టుపంచె అంచుతో చెమట తుడుచుకున్నాడు. కుడివైపు చుక్కలున్నాయంటే ఎడమవైపు కూడా ఉన్నట్టే. ఎడమవైపు లేవంటే కుడివైపు కూడా లేనట్టే. ఒక పక్కన బావమరిది, మరొక పక్కన అధికారి. చివరకు అధికారి ముఖం చూసి, నేలచూపులతో అన్నాడు.

"రెండూ... ఒకే మాదిరి ఉండాయి సార్."

"ఏ మాదిరి? స్పష్టంగా చెప్పండి."

"అద్దం మాదిరి."

గోడవార నుండి దగ్గు వినిపించింది. డ్రైవరు పెదవులు బిగబట్టి ఆకాశం వైపు చూస్తున్నాడు.

నా నివేదికలో ఎక్కువ మాటలు లేవు. అధికారి గారు స్వయంగా నిర్ధారించిన నమూనాతో నిందితుని పని సంపూర్ణంగా సరిపోయినదనీ, సాక్షి దానిని ధ్రువీకరించినాడనీ, అభియోగం నిరూపితం కాలేదనీ వ్రాసినాను. చివర, వ్యవస్థ పట్ల నాకున్న గౌరవం కొద్దీ, వాహనాన్ని నీడలో, భాగాలుగా, వెంటవెంటనే తుడుస్తూ కడగడం మేలని ఒక పేరా చేర్చినాను.

అధికారి నివేదికను రెండుసార్లు చదివినాడు. "ఏం సామీ, నన్ను ఇరకాటంలో పెట్టినావే!"

"లేదు సార్. నియమావళి ప్రకారం నడిచినాను."

"అదేలే, అదే చెబుతాండా." కోపంగా లేదు ఆయన గొంతు. ఓడిపోయినవాడు మంచి ఎత్తును గుర్తించినట్టు ఉన్నది. ఆ తరువాత ఎర్రసిరా కలం తీసి, నా చివరి పేరాను అడ్డంగా కొట్టేసినాడు.

"సార్, అది ఉపయోగకరమైన..."

"ఇది ఉంటే నేను కడిగింది తప్పని నేనే సంతకం పెట్టినట్టు కదప్పా." దాని పక్కనే ఆయన స్వదస్తూరీతో ఒక ఉత్తర్వు వ్రాసినాడు: ఇకమీదట కార్యాలయ వాహనమును నిర్ధారిత నమూనా ప్రకారమే కడగవలెను. ఏ విధమైన మార్పును అనుమతించరాదు.

అదే శుభ ఘడియలో డ్రైవరు ఫైలు మీద కూడా సంతకం పడింది. మనిషిగా ఆయన చెడ్డవాడు కాడని ముందే చెప్పినాను.

అప్పటినుండి ఆ నీలం కారు జిల్లా అంతటా చుక్కలతోనే తిరిగింది. తిరుమల ఘాటు రోడ్డు ఎక్కింది, సమావేశాలకు పోయింది, పెద్దపెద్ద వాహనాల పక్కన నిలబడింది. చూసినవారు చూసినారు. మా కార్యాలయంలో మాత్రం ఎవరికీ కనబడలేదు. అందరికంటే తక్కువగా సీనియర్ అసిస్టెంటుకు కనబడింది. స్కూటరు అద్దం మీద ఒక్క నీటిబొట్టు ఆరినా మనసు నిలవని నేను, ప్రభుత్వ వాహనం మీద వందల చుక్కలకు చట్టబద్ధత కల్పించినవాణ్ణయినాను. క్రమశిక్షణను ప్రేమించేవాడికి నియమావళి ఇచ్చే బహుమానాలు ఇట్లే ఉంటాయని యువకులు ముందుగానే తెలుసుకోవడం మంచిది.

పర్మినెంటు ఉత్తర్వు చేతికి అందిన దినం డ్రైవరు కాణిపాకం పోయి కొబ్బరిచిప్ప, ప్రసాదం తెచ్చి నా బల్లమీద పెట్టినాడు. కళ్లు తడిగా ఉన్నాయి. పిల్లలకు ఆ పూట చొక్కాలు కొన్నానని, భార్య ఉత్తర్వును దేవుని పటం వెనుక దాచిందని చెప్పినాడు. పోబోతూ, గుమ్మం దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు.

"సార్, అయ్యగారు రేపటినుంచి నాలుగు దినాలు క్యాంపు పోతాండాడు, రైల్లో. కారు బంగళాలోనే ఉంటాది. పొద్దున్నే యాపచెట్టు కిందికి తోలి, మీ స్కూటరు మాదిరి, ఒక్క సుక్క ల్యాకుండా కడిగేస్తా. ఒక్కసారి సార్. సూసుకోవాలని ఆశగా ఉండాది."

నా మనసు కూడా ఆ వేపచెట్టు కిందికి పోయింది. ముదురు నీలం మీద నీడ జారుతుంటే ఆ బానెట్ ఎట్లా మెరుస్తుందో ఊహించగలను. కానీ అతని ఉత్తర్వు మీద సిరా ఇంకా ఆరలేదు. ఎదుటి సీటులో సీనియర్ అసిస్టెంటు తల వంచుకుని, చెవులు మాత్రం నిక్కించి కూర్చున్నాడు.

"వద్దప్పా" అన్నాను. "అంత శుభ్రంగా కడిగినావంటే, ఈసారి నిన్ను కాపాడటం నావల్ల కాదు."